పళ్లొచ్చే చంటిపిల్లకి చల్లటి గుడ్డ ముడి

మా పాపకి ఏడో నెలలో కింద రెండు పళ్లు వచ్చేటప్పుడు మూడు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమలాపురం నుంచి వచ్చిన మా అత్తయ్య, ఉతికిన పాత పంచె ముక్కని కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, పిండి, ఒక కొసకి ముడి వేసి, మూత గిన్నెలో పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచారు. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టిన గుడ్డ లేత చిగుళ్లని గాయపరుస్తుంది. చేతికివ్వగానే పిల్ల ఆ ముడినే పట్టుకుని కసాకసా నమిలింది. చొంగ కారుతూనే ఉంది, ఏడుపు మాత్రం ఆగింది. నమిలినంతసేపూ పక్కనే కూర్చోండి. గుడ్డ లేనప్పుడు, శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగుళ్లని మెల్లగా రుద్దినా చాలు.

మా కోనసీమలో చిగుళ్లకి తేనె రాయడం ఇంకా చూస్తున్నాను. దయచేసి ఏడాది నిండేదాకా తేనె నాలుకకి తగలనివ్వకండి, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. చిగుళ్లని మొద్దుబార్చే జెల్స్ కూడా వద్దు. ఒళ్లు 100.4 డిగ్రీలు దాటి కాలుతుంటే పళ్ల జ్వరమేలే అని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించండి.