ఇంట్లోనే సూర్యనమస్కారాలు: పైసా ఖర్చు లేకుండా, నడుము పట్టేయకుండా ఎలా చేయాలి?

యోగా మొదలుపెడతానని చెప్పే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఏ మ్యాట్ కొనాలని. ఏదీ కొనొద్దు. మా తిరుపతిలో చాలా ఇళ్లకు మిద్దె ఉంటుంది, దాని మీద మనిషి పడుకుని చేతులు చాచేంత చోటు దొరికితే చాలు. గచ్చు గరుగ్గా ఉంటే ఉత్త నేల మీదే చేయండి, మోకాళ్లు ఆనే చోట పాత దుప్పటి మడిచి వేసుకోండి. నున్నటి టైల్స్ మీద జంపఖానా పరిచి మాత్రం చేయకండి, అది జారిందంటే మూతి పళ్లు రాలతాయి. సాక్సులు తీసేయాలి, తిని మూడు నాలుగు గంటలు కావాలి, ఎండ ఎక్కకముందే అయిపోవాలి. సాయంత్రం చేసేవాళ్లు ఉన్నారు గానీ సూర్యనమస్కారం పొద్దున చేసేదే.

పాతిక ఆసనాలు నేర్చుకోవాలని తికమక పడొద్దు, కొత్తవాళ్లకు ఇదొక్కటి సరిపోతుంది. మొత్తం 12 భంగిమలు. నమస్కారం, చేతులు పైకెత్తి కాస్త వెనక్కి వాలడం, ముందుకు వంగడం, కుడికాలు వెనక్కి, ఎడమకాలు కూడా వెనక్కి తీసి పిరుదులు పైకెత్తే పర్వతాసనం, మోకాళ్లు ఛాతీ గడ్డం నేలకు ఆనించడం, పాము పడగలా ఛాతీ పైకెత్తే భుజంగాసనం. అక్కడి నుంచి మళ్లీ పర్వతాసనం, కుడికాలు ముందుకు, ఎడమకాలు తెచ్చి వంగడం, లేచి వెనక్కి వాలడం, నమస్కారం. వంగేటప్పుడు ఊపిరి వదలాలి, వెనక్కి వాలేటప్పుడు పీల్చాలి. తర్వాతి సారి ఎడమకాలితో మొదలుపెట్టాలి. వారం రోజుల్లో ఇదంతా వచ్చేస్తుంది.

రానిదల్లా ఆ మూడో భంగిమే, పదోది కూడా అదే, పాదహస్తాసనం. చేతులు నేలకు తగలాలన్న పట్టుదలతో అందరూ వీపును విల్లులా గుండ్రంగా వంచేసి, మోకాళ్లు బిగబట్టి, ఇంకో అంగుళం ఇంకో అంగుళం అంటూ ఊగుతారు. అలా చేస్తే తుంటి కదలదు, బరువంతా నడుములో వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద పడుతుంది. రెండు నెలలు పోయాక యోగా చేస్తే నడుం నొప్పి వచ్చిందంటారు. యోగా వల్ల కాదు, ఆ వంగడం వల్ల!

వంగాల్సింది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. దీనికి గురువు కావాలంటే చంద్రగిరి వైపు వరినాట్లు వేసే ఆడవాళ్లను చూడండి, తెల్లారి వాకిట్లో ముగ్గు వేసే పెద్దావిడను చూడండి. వీపు బల్లలా చదునుగా ఉంటుంది, పిరుదులు వెనక్కి వెళ్తాయి, మడత తొడల మొదట్లో పడుతుంది. అందుకే వాళ్లు అంతసేపు వంగి ఉండగలరు. మా అమ్మ ముగ్గేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే ఇది, ఏ వీడియోలోనూ నాకు ఇంత స్పష్టంగా దొరకలేదు. పైగా ఫోన్ చూస్తూ చేస్తే మెడ ఎత్తాలి, వీపు లైను అక్కడే పోతుంది.

ఇంట్లో ఇలా సాధన చేయండి. గోడకు జానెడు దూరంలో, గోడకు వీపు పెట్టి నిలబడండి. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులు గోడకు తగిలేదాకా వెనక్కి నెట్టండి. ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది. వీపు వెంబడి బూజుకర్ర నిలువుగా పట్టుకుంటే ఇంకా మంచిది. అది తల వెనక, వీపు పైభాగాన, పిరుదుల నడిమి ఎముకకు, మూడు చోట్లా ఆనుతూనే ఉండాలి. ఏ ఒక్క చోట వదిలినా, ఈ రోజుకు మీ హద్దు అక్కడే. చేతులు నేలకు అందకపోతే పీట మీద పెట్టండి, మోకాళ్లు వంచండి. లేచేటప్పుడు కూడా మోకాళ్లు వంచి, తొడల మీద చేతులు ఆనించి లేవండి, పదో భంగిమ తర్వాత విసురుగా లేచే వాళ్లకే ఎక్కువగా పట్టేస్తుంది.

ఇంకో మాట. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, కాబట్టి మంచం దిగగానే వంగొద్దు. లేచి ఓ అరగంట ఇంటి పని చేసుకోండి, మిద్దె మీద అటూ ఇటూ నడవండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చిన మర్నాడు తొడల వెనక బిగుసుకుని ఉంటుంది, ఆ రోజు పీటతోనే కానివ్వండి. వంగినప్పుడు కాలిలోకి జివ్వున లాగినా, తిమ్మిరెక్కినా అక్కడితో ఆపి డాక్టరుకు చూపించాలి. బీపీ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), డిస్కు సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే అడిగి మొదలుపెట్టాలి.

రథసప్తమి వస్తోందంటే భయమేస్తుంది నాకు. ఆ రోజు తిరుమలలో స్వామి పొద్దున్నే సూర్యప్రభ వాహనం మీద ఊరేగుతాడు, మనమూ 108 నమస్కారాలు చేద్దామని ఏడాదంతా వంగని వాళ్లు పోటీ పడతారు. దయచేసి చేయకండి. మొదటి వారం రోజుకు రెండు చాలు, తర్వాత వారానికి ఒకటి పెంచుకుంటూ 12 దాకా వెళ్లండి.

అయ్యాక వెల్లకిలా ఐదు నిమిషాలు శవాసనం, తర్వాత దుప్పటి దులిపి ఎండలో వేసేయండి.