చరిత్ర పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెట్టండి

చరిత్ర పుస్తకం తెరవగానే నిద్రొస్తోందా? అయితే వెనక భాగం ముందు చదవండి. ఆ కాలాన్ని కళ్లారా చూసినవాళ్లు రాసిన మాటలు చాలా పుస్తకాల్లో అక్కడే ఉంటాయి.

రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చు వేయించిన విజయనగర చరిత్ర ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ అలాంటిదే. ఇంగ్లీషులో ఉంది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి సగమంతా రాజులు, యుద్ధాలు, తేదీలు. రెండో సగంలో అప్పట్లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వాళ్లు పేస్, నూనిజ్ రాసుకున్న వృత్తాంతాలు ఉన్నాయి. కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పేవాడట. ముఖాన స్ఫోటకం మచ్చలుండేవని కూడా పేస్ రాశాడు. (మన సినిమా రాయలకు ఆ మచ్చలెక్కడివి!)

ఇది చదివాక తిరుమలలో మహాద్వారం దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహాన్ని క్యూలో తోసుకుంటూ దాటిపోలేరు. తిరుపతిలో ఉంటే ఒక ఆదివారం విజయనగర రాజులుండిన చంద్రగిరి కోటకూ వెళ్లండి, రాజమహల్‌లోనే మ్యూజియం ఉంది. ఆ తర్వాత మొదటి సగం తిరగేస్తే తేదీలు కూడా బోరు కొట్టవు. పిల్లలకైతే నూనె పేరా ఒక్కటి చదివి వినిపించండి, మిగతాది వాళ్లే అడుగుతారు.