విమానం బేలోకి వచ్చాక: ర్యాంప్ సిబ్బంది తీసుకోవలసిన జాగ్రత్తలు

విమానం బేలో (విమానాశ్రయంలో అది నిలిచే చోటు) ఆగినది మొదలు పుష్‌బ్యాక్ అయ్యేవరకు, అంటే దానిని బండితో వెనక్కి నెట్టేవరకు, ర్యాంప్ సిబ్బందికి, అంటే నేల మీద విమానం చుట్టూ పనిచేసేవారికి, దొరికే వ్యవధి చాలా తక్కువ. ఎయిర్‌బస్ ఏ320 వంటి విమానాలకైతే అది తరచుగా అరగంటకు అటూ ఇటూ ఉంటుంది. ఆ కొద్దిసేపట్లోనే సామాను దించేవారు, ఇంధనం నింపేవారు, క్యాటరింగ్ వారు, శుభ్రపరిచేవారు అందరూ ఒకే విమానం చుట్టూ పనిచేయవలసి ఉంటుంది కనుక, ఎవరు ఎప్పుడు కదలాలన్నది ముందే తెలిసి ఉండాలి. కొత్తగా చేరినవారికి నేను మొదట నేర్పేది ఆగి చూడడమే.

విమానం రాకముందే బేను ఒక చివర నుంచి మరో చివరకు నడిచి చూడండి. సూట్‌కేసు నుంచి ఊడిన చిన్న చక్రం, తాళంకప్ప, గులకరాయి, ఏది కనబడినా ఏరి డబ్బాలో వేయాలి. ఇంజిన్ బ్లేడు దెబ్బతినడానికి వాటిలో ఏ ఒక్కటైనా చాలు. ట్రాలీలు, బెల్ట్ లోడర్లు (సామాను ఎక్కించి దించే కదిలే పట్టీ బండ్లు) అన్నీ విమానం నిలిచే చోటు చుట్టూ ఉన్న ఎర్ర గీతకు బయటే ఉండాలి. మెరిసే జాకెట్ జిప్పు పూర్తిగా వేసుకోవాలి, చెవులకు రక్షణ తప్పనిసరి.

అన్నింటికంటే ప్రమాదకరమైనవి విమానం ఆగిన తరువాతి రెండు మూడు నిమిషాలు. ఎర్ర బీకన్ లైటు మినుకుమంటున్నంతసేపూ ఇంజిన్ తిరుగుతున్నట్టే భావించాలి. లైటు ఆరగానే పరుగెత్తకండి. చాలా ఇంజిన్ల మధ్యభాగంలో, తిరుగుడు కంటికి ఆనేందుకే, తెల్లని సుడి గీత వేసి ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు అది మసకగా కలిసిపోతుంది, నెమ్మదించాక తేటగా కనబడుతుంది. ఆ గీత తేటపడి, ముందు చక్రానికి చాక్స్ (చక్రం కదలకుండా పెట్టే దిమ్మెలు) వేసి, బాధ్యుడు బొటనవేలు ఎత్తి చూపాకే మిగతావారు దగ్గరకు వెళ్లాలి.

2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీ విమానాశ్రయానికి వచ్చిన ఎంబ్రేయర్ 175 విమానంలో ఏపీయూ (ప్రధాన ఇంజిన్లు ఆపాక విమానానికి కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్) పనిచేయడం లేదు. నేల మీది నుంచి కరెంటు అందేవరకు ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయని సిబ్బందికి ముందే రెండుసార్లు చెప్పారు. అయినా హెచ్చరికగా పెట్టే కోన్ పట్టుకుని వెళ్లిన ఒక ఉద్యోగినిని నడుస్తున్న ఇంజిన్ లోపలికి లాగేసుకుంది. ఆ సంగతి చదివినప్పటి నుంచి నేను సూచనలు చెప్పి ఊరుకోవడం మానేశాను. ఏపీయూ పనిచేయని విమానం వస్తుందంటే, ఏ ఇంజిన్ నడుస్తుంది, కేబుల్ ఎవరు తగిలిస్తారు, నువ్వు అప్పటివరకు ఎక్కడ నిలబడతావు అని అడిగి, ప్రతి ఒక్కరి నోటా జవాబు చెప్పించుకుంటాను.

బెల్ట్ లోడర్‌ను విమానం వైపు నడిపేటప్పుడు మనిషి నడక వేగం దాటకూడదు. కొన్ని మీటర్ల దూరంలోనే పూర్తిగా ఆపి, బ్రేకు పట్టుతోందని తేల్చుకుని, గైడ్ సైగ చేశాకే ముందుకు రావాలి. గైడ్ కనుమరుగైతే అక్కడే ఆగిపోవాలి. లోడర్ అంచుకూ విమానానికీ మధ్య ఖాళీ వదలాలి, ఎందుకంటే బరువు దిగేకొద్దీ విమానం పైకి లేస్తుంది, ఎక్కేకొద్దీ కిందికి కుంగుతుంది. పొరపాటున తగిలితే, గీత కూడా పడలేదనిపించినా, ఇంజనీర్‌కు వెంటనే చెప్పండి. బోయింగ్ 787 వంటి కాంపోజిట్ (పీచుపొరలను జిగురుతో అతికించి చేసిన పదార్థం) విమానాలలో పైకి ఏమీ కనబడకుండానే లోపలి పొరలు విడిపోయే అవకాశం ఉంది. చెప్పినవారిని తిట్టే సూపర్‌వైజర్ తరువాతి దెబ్బను తానే దాచిపెట్టిస్తున్నాడని నా అభిప్రాయం.

సామాను సాధారణంగా వెనుక హోల్డ్ (సామాను గది) నుంచి మొదట దించి, ముందువైపు హోల్డ్‌లో మొదట ఎక్కించాలి, లేకుంటే తోక బరువెక్కి ముక్కు పైకి లేవవచ్చు. లోడ్ షీటులో (ఏ సామాను ఎక్కడ పెట్టాలో రాసిన కాగితం) వేరే క్రమం ఉంటే దానినే పాటించాలి. ఇంధనం నింపే బండి బయటికి వెళ్లే దారికి ట్రాలీలు అడ్డు పెట్టకూడదు.

పుష్‌బ్యాక్‌లో అలసట, తొందర రెండూ కలుస్తాయి. 2015 డిసెంబరులో ముంబైలో, హైదరాబాద్‌కు బయలుదేరుతున్న విమానాన్ని వెనక్కి నెట్టే సమయంలో ఒక టెక్నీషియన్ ఇంజిన్‌లోకి వెళ్లి మరణించారు. అందువల్ల హెడ్‌సెట్‌లో పైలట్‌తో మాట్లాడే వ్యక్తి ఇంజిన్ లాగేసే ప్రమాద హద్దుకు బయటే, పైలట్‌కు కనబడేచోట నిలబడాలి. టో బార్ (విమానాన్ని నెట్టే బండికి కలిపే కడ్డీ) విప్పి, బైపాస్ పిన్ (నెట్టేటప్పుడు ముందు చక్రం పైలట్ స్టీరింగ్‌కు తిరగకుండా పెట్టే పిన్) తీశాక, దాని ఎర్ర రిబ్బను వేలాడేలా చేతిని పైకెత్తి పైలట్‌కు చూపండి. ఆయన చేతి సైగతో బదులిచ్చేవరకు ఆ చేయి దించకండి.