ఇల్లినాయ్‌లో తుపాకీ కొనాలంటే ముందు ‘ఫాయిడ్’ కార్డు: ఎవరికి ఇస్తారు, దరఖాస్తు ఎలా చేయాలి

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో తుపాకుల దుకాణానికి వెళ్లి అద్దాల అరలోని పిస్తోలు చూపించమంటే, కౌంటరు వెనకున్న మనిషి ముందుగా అడిగేది ఫాయిడ్ కార్డు. తుపాకీ యజమాని గుర్తింపు కార్డు అన్నమాట. రాష్ట్ర పోలీసు శాఖ ఇస్తుంది. అది లేకపోతే తుపాకీ మాట అటుంచి తూటాల డబ్బా కూడా అమ్మరు. కొన్నది ఇంట్లో బీరువాలో దాచుకోవాలన్నా కార్డు ఉండాల్సిందే. సరిహద్దు దాటి ఇండియానాలోకి వెళితే ఇలాంటి కార్డే లేదు. ఇల్లినాయ్‌లో మాత్రం 1968 నుంచి ఇదే పద్ధతి.

మన దేశంలో ఆయుధ లైసెన్సు కావాలంటే అది ఎందుకు అవసరమో అధికారిని ఒప్పించాలి. ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ వేయరు. తుపాకీ ఉంచుకోవడం పౌరుడి హక్కని 1970 నాటి రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది. కాకపోతే ఆ వాక్యం ‘పోలీసు అధికారానికి మాత్రమే లోబడి’ అంటూ మొదలవుతుంది. కార్డు ఉండాలనేవారు ఆ మొదటి ముక్కను పట్టుకుంటారు, వద్దనేవారు మిగతా వాక్యాన్ని. ఫారం కూడా ఆ వాక్యంలాగే ఉంటుంది: మీకు తుపాకీ ఎందుకని అడగదు, ఇవ్వకూడని కారణం ఏదైనా ఉందా అని మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతుంది.

ముందు మీ వీసా చూసుకోండి

నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ వంటి షికాగో శివార్లలో ఉండే తెలుగువారిలో చాలామందికి దరఖాస్తు ఇక్కడే ఆగిపోతుంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే కేంద్ర) చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చదువు పూర్తయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద పనిచేస్తున్నవారు కూడా ఎఫ్-1 కిందికే వస్తారు. వేట లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని స్నేహితుల మధ్య ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. ఫెడరల్ చట్టంలో అలాంటి మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఇల్లినాయ్ చట్టంలోని మినహాయింపు అంత విశాలమైనది కాదు. వేట కోసమో క్రీడ కోసమో దేశంలోకి అనుమతి పొంది వచ్చినవారికి, విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకు, అలాంటి మరికొందరికే అది వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చినవారు ఆ కోవలోకి రారు.

ఇంకో మాట. శనివారం నలుగురు కలిసి షూటింగ్ రేంజికి వెళ్లి, అక్కడే తుపాకీ అద్దెకు తీసుకుని ఫొటోలు దిగడం సరదాగానే ఉంటుంది. మినహాయింపు లేని వీసాదారుకు ఆ అద్దె తుపాకీని చేతిలోకి తీసుకోవడం కూడా నేరమే కావచ్చు. పైగా ఆ ఫొటోను మనమే నలుగురికీ పంచుతాం. వలస దరఖాస్తు నడుస్తున్న కాలంలో అలాంటి సాక్ష్యాన్ని చేజేతులా తయారు చేసుకోవడం ఎందుకు?

గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరసత్వం వచ్చినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవారు న్యాయవాదిని అడగకుండా ముందుకు వెళ్లకపోవడం మంచిది.

దరఖాస్తు

రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఆన్‌లైన్‌లో నింపాలి. ఇల్లినాయ్ డ్రైవింగ్ లైసెన్సు నంబరు గానీ రాష్ట్ర గుర్తింపు కార్డు నంబరు గానీ కావాలి. కాబట్టి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు ముందు ఆ పని పూర్తి చేసుకోవాలి. మన పేర్ల దగ్గర జాగ్రత్త అవసరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, లైసెన్సులో ఒక అక్షరమే ఉండటం మనకు మామూలే. ఫారంలో లైసెన్సు మీద ఉన్నట్టే రాయండి. రెండింటికీ తేడా ఉంటే ముందు లైసెన్సు సరిచేయించుకోండి. తల, భుజాలు స్పష్టంగా కనిపించే ఇటీవలి ఫొటో జతచేయాలి. పౌరులు కానివారు ఏ దేశ పౌరులో చెప్పి, వలస శాఖ ఇచ్చిన గ్రీన్ కార్డు నంబరు కూడా రాయాలి.

రుసుము 10 డాలర్లు, కార్డు గడువు 10 ఏళ్లు. చట్టం ప్రకారం 30 రోజుల్లో అవుననో కాదనో తేల్చాలి. 2020, 2021 సంవత్సరాల్లో దరఖాస్తులు వెల్లువెత్తి జనం నెలల తరబడి ఎదురుచూశారు, వ్యవహారం కోర్టులకు కూడా వెళ్లింది.

వేలిముద్రలు ఇవ్వడం ఐచ్ఛికం. లైసెన్సు ఉన్న ఏజెన్సీ దగ్గర ఎలక్ట్రానిక్ పద్ధతిలో తీయించుకోవాలి, దాని ఖర్చు వేరు. ఇస్తే అర్హత చెడనంతవరకు కార్డు దానంతటదే పునరుద్ధరణ అవుతుంది. ఈ సదుపాయం 2021లో చేసిన చట్టంతో వచ్చింది. దాని వెనక ఒక కథ ఉంది.

బాలాజీ గుడి ఉన్న అరోరాలోనే 2019 ఫిబ్రవరి 15న ఒక కర్మాగారంలో ఉద్యోగి ఒకడు ఐదుగురు తోటి ఉద్యోగులను కాల్చి చంపాడు. అతనికి 2014లో ఫాయిడ్ ఇచ్చారు. 1995లో మిసిసిపీలో పడిన శిక్ష అప్పుడు బయటపడలేదు. తర్వాత అతను తుపాకీ వెంట పెట్టుకుని తిరిగే లైసెన్సుకు దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇచ్చినప్పుడు పాత కేసు తేలింది. కార్డు రద్దు చేస్తూ ఉత్తరం పంపారు. తుపాకీ మాత్రం ఐదేళ్లు అతని దగ్గరే ఉండిపోయింది. వేలిముద్రలు తప్పనిసరి చేయాలని ఒక వర్గం పట్టుబట్టింది, హక్కు వాడుకోవడానికి నేరస్థుడిలా ముద్రలు ఇవ్వాలా అని మరో వర్గం తిరగబడింది. ‘ఐచ్ఛికం’ అన్న మాట ఆ పోరులో కుదిరిన రాజీ.

21 ఏళ్లు నిండనివారి దరఖాస్తుకు తండ్రో తల్లో సంరక్షకుడో సంతకం చేయాలి. సంతకం పెట్టినవారికి కూడా అర్హత ఉండాలి, ఆ తుపాకీతో జరిగే నష్టానికి వారిదీ బాధ్యత. 2022 జూలై 4న హైలాండ్ పార్క్ ఊరేగింపు మీద కాల్పులు జరిపి ఏడుగురిని చంపిన యువకుడికి, 19 ఏళ్ల వయసులో తండ్రే సంతకం పెట్టాడు. ఆ తండ్రి 2023 నవంబరులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. కాలేజీలో చదివే కొడుకు ‘ఊరికే ఒక సంతకం నాన్నా’ అన్నప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు.

మిగిలిన ప్రశ్నలు తీవ్ర నేరాల గురించి, గృహహింస కేసుల గురించి, రక్షణ ఉత్తర్వుల గురించి. గత ఐదేళ్లలో మానసిక వైద్యశాలలో చేరి చికిత్స పొందారా అన్నది కూడా అడుగుతారు. అబద్ధం చెప్పి దాటేద్దామనుకోవద్దు, అదీ నేరమే.

కార్డు వచ్చాక

దుకాణంలో మళ్లీ ఒక ఫెడరల్ ఫారం, 4473 నంబరుది, నింపాలి. వీసా గురించి అందులోనూ ప్రశ్న ఉంది. గంజాయి వాడతారా అనీ ఉంది. ఇల్లినాయ్‌లో 2020 జనవరి 1 నుంచి గంజాయి చట్టబద్ధం. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని ఆ ప్రశ్న కిందే హెచ్చరిక రాసి ఉంటుంది. అన్నీ సరిపోయినా 72 గంటలు ఆగితేనే తుపాకీ చేతికిస్తారు.

కార్డు ఉన్నంత మాత్రాన ఏ తుపాకీ అయినా కొనలేరు. హైలాండ్ పార్క్ ఘటన తర్వాత 2023 జనవరి 10న అమలులోకి వచ్చిన చట్టం ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల అమ్మకాన్ని నిషేధించింది. దాన్ని అమలు చేయబోమని చాలా కౌంటీల (జిల్లాల్లాంటివి) పోలీసు అధిపతులైన షెరీఫ్‌లు బాహాటంగా ప్రకటించారు. అదే ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3తో చట్టాన్ని నిలబెట్టింది. షికాగో, దాని చుట్టుపక్కల ఓట్లు ఒకవైపు, దక్షిణాన పొలాల మధ్య కౌంటీలు ఇంకోవైపు ఉన్న రాష్ట్రం ఇది. 2018లో ఎఫింగమ్ కౌంటీ తుపాకీ ఆంక్షలను వ్యతిరేకిస్తూ తనను తాను తుపాకీదారుల ఆశ్రయంగా ప్రకటించుకుంది కూడా. వైట్ కౌంటీలో ఇంట్లో రైఫిలు ఉంచుకున్న ఒక మహిళ కేసులో, అసలు ఫాయిడ్ చట్టమే చెల్లదని అక్కడి కోర్టు పలుమార్లు తీర్పు చెప్పింది. అవి ఆ కేసు వరకే. మీకు కార్డు అక్కర్లేదని వాటి అర్థం కాదు.

తుపాకీని దుస్తుల చాటున పెట్టుకుని బయట తిరగాలంటే వేరే లైసెన్సు ఉంది. 21 ఏళ్లు నిండాలి, 16 గంటల శిక్షణ పొందాలి. రాష్ట్రవాసులకు రుసుము 150 డాలర్లు, గడువు ఐదేళ్లు. ఫెడరల్ అప్పీలు కోర్టు 2012 డిసెంబరులో ఆదేశించాకే రాష్ట్రం 2013లో ఈ లైసెన్సు తెచ్చింది. 50 రాష్ట్రాల్లో చివరిది ఇదే.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణాన్ని బట్టి ఏడుగురు సభ్యుల ఫాయిడ్ సమీక్షా బోర్డుకు గానీ సర్క్యూట్ కోర్టుకు గానీ అప్పీలు చేసుకోవాలి. ఉన్న కార్డు రద్దయితే, నోటీసు అందిన 48 గంటల్లో దాన్ని స్థానిక పోలీసులకు అప్పగించి, మీ తుపాకులు ఎవరి దగ్గర ఉన్నాయో రాసిచ్చే ఫారం దాఖలు చేయాలి. ఇల్లు మారితే 21 రోజుల్లో కొత్త చిరునామా తెలపాలి.