దోమల మందు తగిలి సామాను పాడైందా? గుర్తులు, కారణం, బాగుచేసే పద్ధతి

వానాకాలం చివర్లో రాజమండ్రి నుంచి మారేడుమిల్లి బండి మీద వెళ్లాను. సాయంత్రం టీ కోసం ఆగినప్పుడు దోమలు ముసురుకుంటే, అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన దోమల మందు చేతులకు, మెడకు పూసుకుని, అవే చేతులతో హెల్మెట్ వైజర్ కిందికి దించాను. మర్నాడు చూస్తే వైజర్ మీద మూడు వేళ్ల ముద్రలు. సబ్బునీళ్లతో కడిగినా పోలేదు. గోటితో రాస్తే గరుకుగా తగిలాయి. అది మురికి కాదు. ప్లాస్టిక్కే మెత్తబడి, నా వేళ్ల ఆకారంలో మళ్లీ గట్టిపడింది.

ఇలాంటి నష్టం జరిగినప్పుడు చాలామంది సామాను నాసిరకం అనుకుని పారేస్తారు, లేదా థిన్నర్ పెట్టి తుడిచి ఇంకా పాడుచేస్తారు. కారణం తెలిస్తే సగం వస్తువులు దక్కుతాయి.

ఎందుకిలా అవుతుంది

సీసా వెనక చదవండి. డీట్ అని ఉంటే అసలు సంగతి అదే. 1946లో అమెరికా సైన్యం కోసం తయారైన ఈ మందు 1957 నుంచి మామూలు జనానికీ అందుబాటులోకి వచ్చింది. దోమల్ని దూరం పెట్టడంలో గట్టిది. కానీ కొన్ని ప్లాస్టిక్కులకు ఇది ద్రావకంలా పనిచేస్తుంది. లోపలికి ఇంకి, వాటిని ఉబ్బించి, మెత్తబరుస్తుంది. పాలీకార్బొనేట్, పాలీస్టైరీన్, పీవీసీ, యాక్రిలిక్ ప్లాస్టిక్కులు, రేయాన్ బట్ట, సాగే స్పాండెక్స్ బట్ట దీనికి లొంగిపోతాయి. నూలు, ఉన్ని, నైలాన్ తట్టుకుంటాయి. పాలీఇథిలిన్, పాలీప్రొపిలిన్ కూడా తట్టుకుంటాయి, మందు నిలవుండే సీసా కరగకపోవడానికి కారణం అదే.

మన ఓడోమస్ క్రీములో ఉండేది డీట్ కాదు, డైఇథైల్ బెంజమైడ్. రసాయనంగా దానికి దగ్గరి చుట్టం కాబట్టి అది పూసుకున్న చేతులతోనూ కళ్లద్దాలు, వైజర్లు ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మందు దెబ్బా, పాతబడటమా?

బాగుచేసే ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ వైద్యం వేరు. మందు దెబ్బకు ఆకారం ఉంటుంది: వేలి ముద్ర, చుక్క, కారిన చార, స్ప్రే తుంపరలు. చెయ్యి తగిలే చోట, లేదా బ్యాగులో సీసా పక్కన ఉన్న చోటే కనిపిస్తుంది. అలా కాకుండా గుడారం లోపలి పూత అంతా ఒకేలా జిగటగా మారి, పుల్లటి వాసన వేస్తూ, పెచ్చులుగా రాలుతుంటే అది తేమకు పాలీయురెథేన్ పూత చివికిపోవడం. తడి గుడారాన్ని మడిచి అటక మీద పెట్టేస్తే మన వాతావరణంలో జరిగేది ఇదే. దానికి దోమల మందును తప్పుపట్టి లాభం లేదు.

వైజర్, కళ్లద్దాలు, టార్చి అద్దం మసకబారితే

మందు తగిలి నిమిషాలే అయితే వెంటనే సబ్బునీళ్లతో, మెత్తటి గుడ్డతో కడగండి. రుద్దకండి. మెత్తబడిన ప్లాస్టిక్ మీద రుద్దితే గీతలు పడి అవే మిగిలిపోతాయి. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం అసలు వద్దు, అవి వైజర్లకు వాడే పాలీకార్బొనేట్‌ను సన్నటి పగుళ్లతో చంపేస్తాయి.

తలకు కట్టుకునే టార్చి అద్దం మసకబారితే బాగుచేయొచ్చు. హార్డ్‌వేర్ షాపులో 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) దొరుకుతుంది. నీళ్లలో తడిపి ముందు 1500తో, తర్వాత 2000తో, ఒత్తిడి లేకుండా గుండ్రంగా రుద్దండి. ఆపైన బండి హెడ్‌లైట్లకు వాడే పాలిష్ పట్టిస్తే వెలుతురు మళ్లీ బాగానే వస్తుంది. యాక్రిలిక్ వాచీ అద్దానికీ ఇదే పద్ధతి.

వైజర్ విషయంలో మాత్రం ఈ పని చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. పాలిష్ పట్టిన చోట మందం తేడా వచ్చి, రాత్రి ఎదురు లైట్లు చీలినట్టు కనిపిస్తాయి. ఘాట్ రోడ్డులో అది ప్రాణం మీదికి వస్తుంది. కొత్త వైజర్ వేయించండి. హెల్మెట్ డొప్ప మీదే మందు పడి, అక్కడ సన్నటి పగుళ్లు గానీ మెత్తదనం గానీ కనిపిస్తే హెల్మెట్‌నే మార్చాలి. పూత ఉన్న చలువ కళ్లద్దాలకు అద్దాలు మార్పించడమే దారి.

రెయిన్‌కోటు జిగటగా, మడత విప్పితే అంటుకుపోతుంటే

తక్కువ ధర రెయిన్‌కోట్లు చాలావరకు పీవీసీవి. గోరువెచ్చని సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, నీడలో రెండు రోజులు వేలాడదీయండి. ఎండలో వేస్తే మెత్తబడ్డ చోట సాగిపోతుంది. ఆరాక టాల్కం పౌడర్ పల్చగా చల్లి మడవండి, అంటుకోవడం తగ్గుతుంది. చిరిగితే గాలి పరుపులకు వాడే వినైల్ అతుకు, వినైల్ జిగురు వేయాలి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రబ్బరు కోసం చేసింది, పీవీసీకి సరిగ్గా పట్టదు. గుడారానికి ఉండే పారదర్శక కిటికీ కూడా సాధారణంగా పీవీసీయే. అది మసకబారితే మళ్లీ తేటపడదు, ఆ ముక్క కత్తిరించి కొత్తది కుట్టించుకోవాల్సిందే.

బైనాక్యులర్, టార్చి పట్టుకునే చోట బంకగా మారితే

సబ్బునీళ్లు పిండిన గుడ్డతో తుడిచి, రెండు మూడు రోజులు గాలికి వదలండి. అప్పటికీ వేళ్లకు అంటుతుంటే పై పూత పోయినట్టే. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను దూదికి అద్ది, ముందు కనపడని మూల పరీక్షించి, కొద్దికొద్దిగా ఆ పూత మొత్తం తీసేయండి. అడుగున ఉన్న ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికి బాగానే ఉంటుంది. స్పిరిట్ కటకాల మీద పడనివ్వకండి.

జాకెట్ నీళ్లు పీల్చుకుంటుంటే

ఇది కరగడం వల్ల కాదు. మందులోని జిడ్డు బట్ట మీద చేరి నీళ్లు జారనివ్వదు. ఉతికి, బాగా జాడించి, నీళ్లు జారే స్ప్రే మళ్లీ పట్టిస్తే సరిపోతుంది. సాగిపోయిన ఎలాస్టిక్ మాత్రం తిరిగి రాదు, టైలరుతో కొత్తది వేయించుకోండి.

మళ్లీ జరగకుండా

సామాను పాడవుతుందని దోమల మందు మానేయకండి. ఏజెన్సీలో మలేరియా నిజమైన ప్రమాదం, ఊళ్లలో డెంగీ సరేసరి. మార్చాల్సింది మందు రకం, పూసుకునే తీరు. డీట్‌కు బదులు 20 శాతం పికారిడిన్ అనే మరో మందు ఉన్నవి ప్లాస్టిక్‌ను కరిగించవు, దోమల మీద బాగా పనిచేస్తాయి. డీటే వాడాలంటే 20 నుంచి 30 శాతం ఉన్నది చాలు. 50 శాతం దాటాక రక్షణ సమయం పెద్దగా పెరగదు, ప్లాస్టిక్‌కు మాత్రం ముప్పు ఎక్కువ. మందు పోసుకుని, చేతుల వెనకవైపుతో మెడకూ ముఖానికీ రాసుకుని, అరచేతులు సబ్బుతో కడిగేయండి. సీసాను బిగుతుగా మూసే పాలిథిన్ కవరులో, బ్యాగు బయటి జేబులో పెట్టండి. బండి మీద వెళ్తుంటే గమ్యం చేరి, హెల్మెట్ తీసి పక్కన పెట్టేశాకే పూసుకోండి. మారేడుమిల్లి దారిలో నా పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.