చెరువు నత్తను గుర్తుపట్టాలంటే ముందు మూత చూడండి

డిగ్రీ విద్యార్థులకు 30 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. పరీక్షలో పైలా అనే మంచినీటి నత్త బొమ్మను చక్కగా గీసి భాగాలన్నీ గుర్తించే పిల్లలే, పెందుర్తి వైపు చెరువుగట్టు మీద అదే పైలా కనిపిస్తే ‘ఏదో నత్త’ అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మన విశాఖ చుట్టుపక్కల ఒక్క చెరువులోనే నాలుగైదు రకాల నత్తలు దొరుకుతాయి. వాటిని వేరుచేయడానికి మైక్రోస్కోపు అక్కరలేదు.

తొలకరి పడి చెరువులు నిండాక వెళ్లండి. పొడవాటి కర్రకు టీ వడకట్టే జల్లెడ కట్టుకోండి. తెల్ల పళ్లెం, గాజు సీసా, రబ్బరు తొడుగులు చాలు. గేదెలు పడుకునే నీళ్లలోకి మాత్రం దిగవద్దు. ఒక ఏడాది నేను మోకాలిలోతు దిగాను. రాత్రికి పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు, వారం రోజులు దురద. పశువుల రక్తనాళాల్లో పెరిగే ఒక పరాన్నజీవి పిల్లదశ నత్తలో గడుస్తుంది. నత్త నుంచి బయటపడి నీళ్లలో ఈదుతూ పొరపాటున మన చర్మంలో దూరుతుంది. అక్కడే చచ్చిపోతుంది కానీ దురద మిగులుస్తుంది.

నత్తను పళ్లెంలో పెట్టి మెల్లగా తాకండి. లోపలికి ముడుచుకున్నాక గుల్ల నోటికి మూత పడిందా లేదా అన్నది మొదటి పరీక్ష.

మూత రాయిలా గట్టిగా ఉండి, గుల్ల బంతిలా గుండ్రంగా ఉంటే అది పైలా. ఈ ప్రజాతిలోని జాతులన్నీ ఆసియా, ఆఫ్రికాలవే. దాన్ని నీళ్లు పోసిన సీసాలో వేసి ఓపికగా కూర్చోండి. గాజు మీద పాకుతూ పైకి వస్తుంది. తల పక్కన ఎడమవైపు నుంచి మెత్తటి మడత ఒకటి గొట్టంలా చుట్టుకుని సాగుతుంది. దాని కొస నీటిమట్టాన్ని దాటగానే ఒళ్లంతా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, కొలిమితిత్తిలా గాలి పీలుస్తుంది. నీళ్లలో మొప్పతో, పైన ఊపిరితిత్తితో బతికే ప్రాణి ఇది. అందుకే చెరువు ఎండితే మూత బిగించుకుని బురదలో నెలల తరబడి ఉండగలదు. గుడ్లు తెల్లగా, గట్టు తడిమట్టిలో ఉంటాయి. నీటిపైన కాడలకు గులాబీరంగు గుడ్ల గుత్తులు కనిపిస్తే అవి పైలావి కావు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దాని చుట్టానివి. అలాంటి పరాయి నత్తలు చేరకుండా, ఇంటి అక్వేరియంలోని నత్తలను చెరువులో వదలకండి.

మూత పలుచగా, గోధుమరంగులో ఉండి గుల్ల మీద నల్లటి చారలుంటే బెల్లమియా. ఇది గుడ్లు పెట్టదు, గుల్లతో సహా పిల్లల్నే కంటుంది. కొమ్ములు గమనించండి: కుడి కొమ్ము ఎడమదానికంటే లావుగా ఉంటే మగది.

మూత ఉండి, గుల్ల సన్నగా మేకులా పొడుగ్గా ఉంటే మెలనాయిడిస్. పగలు బురదలో దాక్కుంటుంది కనుక అడుగు మట్టిని జల్లించాలి. ఎక్కువగా ఆడవే ఉంటాయి, మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. 1774లో డెన్మార్క్ శాస్త్రవేత్త ముల్లర్ దీన్ని వర్ణించింది మన కోరమాండల్ తీరం గుల్లలను చూసే!

ఇక మూత లేనివి. చుట్ట చుట్టిన నవారులా చదునుగా ఉన్నది ఇండోప్లానార్బిస్. దాని రక్తంలో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. నాకు దురద పెట్టించిన పురుగుకు ఆశ్రయమిచ్చేది ఇదే. చదునుగా లేకపోతే మొన పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడివైపుంటే లిమ్నియా, ఎడమవైపుంటే ఫైసా. లిమ్నియా కనిపించిన చెరువు గట్టున గొర్రెలు మేస్తుంటే కాపరికి తప్పక చెప్పండి, కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి, లివర్ ఫ్లూక్) వాటికి సోకేది ఈ నత్తల వల్లే.

చూడటం అయ్యాక నత్తలను తీసిన చోటే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంటికి ఖాళీ గుల్లలే తెచ్చుకోండి. విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సు లాంటి చోట్ల నత్తగుల్ల కొంగలు తిని వదిలేసిన పైలా గుల్లలు గట్టున దొరుకుతాయి. చాలావాటికి చిన్న పగులైనా ఉండదు. మూత విడిగా పక్కనే పడి ఉంటుంది, వెతికి రెండూ కలిపి దాచుకోండి.