గ్లౌజులు తీసేసి చేసే నాన్‌ఖటాయి

ఈ నెయ్యి బిస్కెట్ల కొలతలు ముందే చెప్పేస్తాను. మైదా ఒక కప్పు, శనగపిండి 2 టేబుల్ స్పూన్లు, పంచదార పొడి అరకప్పు, పేరిన నెయ్యి అరకప్పు, బేకింగ్ పౌడర్ పావు టీస్పూను, వంటసోడా, ఉప్పు చిటికెడు చొప్పున, నాలుగు ఏలకుల పొడి. ఒవెన్ అక్కర్లేదు, పాత కుక్కర్ చాలు. ఒకటే షరతు: చేతులకి గ్లౌజులు ఉండకూడదు.

ఆ షరతు నాకోసం నేను పెట్టుకున్నది. 26వ ఏట నా వేళ్ళ మీద బొల్లి మొదలైంది. చర్మానికి రంగునిచ్చే కణాలు పోతే వస్తుంది, అంటుకునేది కాదు. అయినా "చేపలు తిని పాలు తాగావా?" అని ఆరా తీసినవాళ్ళున్నారు. ఒక పెళ్ళిలో వడ్డిద్దామని పులిహోర గిన్నె అందుకోబోతే ఒక పెద్దావిడ "నువ్వెందుకులే అమ్మా, కూర్చో" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! ఆ తర్వాత నాలుగేళ్ళు, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా సరే, ప్లాస్టిక్ గ్లౌజులు వేసుకునే పిండి కలిపాను.

నాన్‌ఖటాయి దగ్గర అవి పనికిరాలేదు. ముందు పళ్ళెంలో నెయ్యి, పంచదార పొడి వేసి, తెల్లబడి తేలికయ్యేదాకా అరచేత్తో రుద్దాలి. నెయ్యి కరిగించి పోయకండి, బిస్కెట్లు పరుచుకుపోతాయి. మిగతావన్నీ జల్లించి వేసి, వేళ్ళ కొసలతో దగ్గరికి తీయండి. చపాతీ పిండిలా మర్దించారా, గట్టిబడతాయి. ముద్ద కాకపోతే నీళ్ళు చల్లొద్దు, ఇంకో చెంచా నెయ్యి వేయండి. మొదటిసారి గ్లౌజులతో ఉండ చుట్టబోతే పొడిపొడిగా రాలిపోయింది. అరచేతి వెచ్చదనం తగలందే అది కూడుకోదు. విసుగొచ్చి గ్లౌజులు లాగిపారేశాను. కాసేపటికి మణికట్టు దాకా పిండే. ఏది మచ్చో, ఏది మైదాయో నాకే తెలియలేదు. చేతులు కడుక్కోకుండా అలాగే కాసేపు నిలబడ్డాను.

ఉండలు చిన్న నిమ్మకాయంత చేసి, కాస్త అదిమి, పళ్ళెంలో ఎడంగా సర్దండి. కుక్కర్‌లో కప్పున్నర ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతకి రబ్బరు, విజిల్ తీసేసి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత పళ్ళెం పెట్టి సన్నసెగన 20 నిమిషాలు. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి. ఇంకా కాలలేదనుకుని ఉంచేస్తే అడుగు మాడుతుంది, చల్లారాకే గుల్లబారతాయి. అడుగు లేత గోధుమరంగు, పైన తెలుపు, దానిమీద పగుళ్ళు. పగుళ్ళు రాకపోతే అది నాన్‌ఖటాయే కాదు.

వీటితో మచ్చలు పోతాయని కాదు. మందు మందే, బిస్కెట్ బిస్కెట్టే. చర్మ డాక్టరు దగ్గరికి ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను.

మొన్న పక్కింటి పిల్లాడికి రెండు చేతిలో పెట్టాను. నా వేళ్ళకేసి చూసి, "ఆంటీ, పిండి కడుక్కోలేదా?" అన్నాడు.

"కడిగినా పోదురా, అది నా రంగే."

"ఓహో" అని, ఇంకోటి అడిగాడు.